ఫ్లీస్ వస్త్రం

ఫ్లీస్ లేదా పోలార్ ఫ్లీస్ అనేది పాలిస్టర్ దారంతో అల్లి, ఉపరితలాన్ని నూగులా రేపి తయారుచేసే మెత్తని, వెచ్చని వస్త్రం. చలికోట్లు, టోపీలు, మఫ్లర్లు, చేతితొడుగులు, దుప్పట్లు, పిల్లల బొమ్మలు మొదలైనవాటి తయారీలో దీనిని విరివిగా ఉపయోగిస్తారు. చూపుకు, స్పర్శకు ఇది ఉన్నిని పోలి ఉంటుంది. కాని ఇందులో సాధారణంగా ఉన్ని ఏమాత్రమూ ఉండదు. శీతల పానీయాల సీసాలు ఏ పదార్థంతో తయారవుతాయో ఆ పాలిఇథిలీన్ టెరిఫ్తాలేటే ఫ్లీస్‌కు కూడా మూలపదార్థం. అంటే ఫ్లీస్ ఒక విధంగా అల్లిన ప్లాస్టిక్.

ఈ వస్త్రం సుగుణాలకు, దోషాలకు కూడా దాని పదార్థం, అల్లిక, నూగు అనే మూడే కారణాలు. అల్లిక, నూగుల వలన కత్తిరించిన అంచు నుండి పోగులు ఊడవు. కాబట్టి కుట్టు నేర్చుకొనేవారికి ఇది అనుకూలమైన వస్త్రం. పాలిస్టర్ కావటం వలన తడి త్వరగా ఆరుతుంది. అదే కారణం వలన వేడి ఇస్త్రీపెట్టె తగిలితే పాడవుతుంది, నిప్పు అంటుకుంటే కరిగి చర్మానికి పట్టుకుంటుంది. ఉతికినపుడు రాలే పోగులు నీటిలో కుళ్ళకుండా ఉండిపోతాయి. ఈ మూడు విషయాలు తెలిస్తే ఫ్లీస్‌ను కత్తిరించటం, కుట్టటం, ఉతకటం గురించిన నియమాలను విడివిడిగా కంఠస్థం చేయవలసిన అవసరం ఉండదు.

పేరు

ఆంగ్లంలో ఫ్లీస్ అనే మాటకు మొదటి అర్థం గొర్రె ఒంటి మీదనుండి కత్తిరించి తీసిన ఉన్ని. ఆ అర్థంలో చూస్తే దక్కనీ జాతి గొర్రెల ఉన్నితో తెలంగాణలో కురుమలు నేసే గొంగడి అసలైన ఫ్లీస్ నుండి వచ్చిన వస్త్రం. పాలిస్టర్ వస్త్రానికి ఆ పేరు కేవలం పోలిక వలన వచ్చింది.

వస్త్ర వ్యాపారంలో ఈ పేరుకు మరొక వాడుక కూడా ఉంది. తిరుప్పూరు, లూథియానా వంటి అల్లిక వస్త్ర కేంద్రాలలో బయట నునుపుగా ఉండి, లోపలివైపు మాత్రమే నూగు తీసిన నూలు లేదా నూలు-పాలిస్టర్ మిశ్రమ వస్త్రాన్ని కూడా ఫ్లీస్ అంటారు. స్వెట్ షర్టులు, ట్రాక్ ప్యాంట్లు దీనితో కుడతారు. ఇది నీటిని పీల్చుకుంటుంది, ఉతికితే కొంత కుంచించుకుపోవచ్చు. కనుక దుకాణంలో ఫ్లీస్ అని అడిగేటప్పుడు ఏది కావాలో స్పష్టంగా చెప్పాలి. ఈ వ్యాసం రెండువైపులా నూగు ఉండే పాలిస్టర్ ఫ్లీస్ గురించి మాత్రమే వివరిస్తుంది.

చరిత్ర

పాలిస్టర్ పోగును 1941లో బ్రిటన్‌కు చెందిన రసాయన శాస్త్రజ్ఞులు జాన్ రెక్స్ విన్‌ఫీల్డ్, జేమ్స్ టెనెంట్ డిక్సన్ రూపొందించారు. మొదట్లో దీనిని చొక్కాలు, ప్యాంట్ల వంటి నునుపైన వస్త్రాలకు వాడేవారు. ఉన్నికి బదులుగా పాలిస్టర్‌తో చలి దుస్తులు తయారుచేసే ప్రయత్నాలు 1970లలో ఊపందుకున్నాయి. పర్వతారోహకులకు సామగ్రి అమ్మే అమెరికా సంస్థ పటగోనియా, మసాచుసెట్స్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణంలో ఉన్న మాల్డెన్ మిల్స్ అనే వస్త్ర కర్మాగారంతో కలిసి ఈ దిశలో పనిచేసింది. 1906లో స్థాపించబడిన ఈ మిల్లు అప్పటికి కృత్రిమ బొచ్చు వస్త్రాల తయారీలో అనుభవం సంపాదించింది. 1979లో ఈ మిల్లు నుండి పోలార్ ఫ్లీస్ వెలువడింది. 1985లో పటగోనియా తన ఫ్లీస్‌కు సించిల్లా అనే పేరు పెట్టింది. 1991లో మాల్డెన్ మిల్స్ పోలార్‌టెక్ అనే వాణిజ్యనామాన్ని ప్రవేశపెట్టింది. 1993లో పటగోనియా వాడి పారేసిన ప్లాస్టిక్ సీసాల నుండి తీసిన పోగుతో ఫ్లీస్ దుస్తులు తయారుచేయటం మొదలుపెట్టింది.

మిల్లు యజమాని ఆరన్ ఫోయర్‌స్టీన్ పోలార్ ఫ్లీస్‌కు పేటెంటు తీసుకోలేదు. అందువలన ఇతర తయారీదారులు కూడా దీనిని తయారుచేయగలిగారు. ధర తగ్గి, కొద్ది సంవత్సరాలలోనే ఫ్లీస్ ప్రపంచమంతటా సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది.

1995 డిసెంబరు 11 రాత్రి మాల్డెన్ మిల్స్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. పలువురు కార్మికులు గాయపడ్డారు, మిల్లులో ఎక్కువ భాగం కాలిపోయింది. అప్పటికి 70 ఏళ్ళ వయసున్న ఫోయర్‌స్టీన్ బీమా సొమ్ము తీసుకుని విశ్రాంతి తీసుకోవటం గాని, పనిని చౌక కూలీ దొరికే దేశానికి తరలించటం గాని చేయలేదు. మిల్లును అదే పట్టణంలో తిరిగి కట్టిస్తానని ప్రకటించి, పని లేని కార్మికులకు కొన్ని నెలలపాటు జీతాలు చెల్లించారు. ఈ నిర్ణయం అమెరికాలో ఎంతో ప్రశంస పొందింది, వ్యాపార నీతి పాఠాలలో ఉదాహరణగా చేరింది. అయితే పునర్నిర్మాణానికి చేసిన అప్పులు, చౌక ఫ్లీస్‌తో పోటీ మిల్లును కుంగదీశాయి. 2001లో అది దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. ఆ తరువాత సంస్థ ఫోయర్‌స్టీన్ చేతినుండి జారిపోయింది. 2007లో ఆస్తులు చేతులు మారి పోలార్‌టెక్ అనే పేరుతో కొత్త సంస్థ ఏర్పడింది. దానిని 2019లో మిల్లికెన్ సంస్థ కొనుగోలు చేసింది. ఫోయర్‌స్టీన్ 2021లో మరణించారు. పేటెంటు లేకపోవటం వలన ఫ్లీస్ అందరికీ చేరింది. దానిని మొదట తయారుచేసిన మిల్లుకు ఎదురైన పోటీకి కూడా అదే ఒక కారణమయింది.

తయారీ విధానం

ఫ్లీస్ తయారీలో ముఖ్యమైన దశలు ఇవి:

1. పాలిస్టర్ గుళికలను, లేదా శుభ్రపరచి ముక్కలు చేసిన ప్లాస్టిక్ సీసాలను కరిగించి, సన్నని రంధ్రాల గుండా పంపి పోగులుగా తీస్తారు. ఈ పోగులతో దారం తయారుచేస్తారు.
2. ఈ దారాన్ని గుండ్రటి అల్లిక యంత్రాలపై వస్త్రంగా అల్లుతారు. మగ్గంపై పడుగు, పేక అనే రెండు వరుసల దారాలు ఒకదానినొకటి దాటుతూ వస్త్రం తయారవుతుంది. అల్లికలో దారం వలయాలుగా ఒకదానిలోనుండి మరొకటి దూరుతుంది. అదనంగా కొన్ని వలయాలు పైకి తేలి ఉండేలా అల్లుతారు.
3. రంగు వేస్తారు లేదా బొమ్మలు అద్దుతారు.
4. సన్నని తీగ ముళ్ళు ఉన్న రోలర్ల మీదుగా వస్త్రాన్ని నడుపుతారు. ముళ్ళు వలయాలను రేపి నూగుగా మారుస్తాయి.
5. నూగు ఎత్తు సమంగా ఉండేలా కత్తిరిస్తారు.
6. వేడితో వస్త్రం కొలతలను స్థిరపరుస్తారు. ఉండలు కట్టకుండా అదనపు శుద్ధి చేసిన వస్త్రాన్ని యాంటీ-పిల్ ఫ్లీస్ అంటారు.

లక్షణాలు

వెచ్చదనం: ఫ్లీస్ స్వయంగా వేడిని పుట్టించదు. నూగులో చిక్కుకున్న నిశ్చలమైన గాలి శరీరపు వేడిని బయటికి పోనివ్వకుండా అడ్డుకుంటుంది. ఆ గాలి కదిలితే వెచ్చదనం పోతుంది. అందుకే ఈదురుగాలిలో, మోటారు సైకిలు ప్రయాణంలో మామూలు ఫ్లీస్ ఒక్కటే సరిపోదు. దానిపై గాలి చొరని పలుచని కోటు వేసుకోవాలి. నూగు అణిగిపోయిన పాత ఫ్లీస్ తక్కువ వెచ్చగా ఉండటానికి కూడా కారణం ఇదే.

నీరు: సాధారణ గాలి తేమలో నూలు తన బరువులో సుమారు 8 శాతం నీటిని ఇముడ్చుకుంటుంది. పాలిస్టర్ ఇముడ్చుకునేది సుమారు 0.4 శాతం మాత్రమే. కనుక తడిసిన ఫ్లీస్‌ను గట్టిగా దులిపితే చాలావరకు నీరు పోతుంది, త్వరగా ఆరుతుంది. ఈ గుణం వలననే తువ్వాళ్ళకు, చేతిగుడ్డలకు ఇది పనికిరాదు.

సాగుదల: ఫ్లీస్ అడ్డంగా, అంటే పన్నా దిశలో ఎక్కువగా సాగుతుంది. నిలువుగా తక్కువ సాగుతుంది.

వేడి: పాలిస్టర్ సుమారు 250-260 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. నూలు బట్టలకు పెట్టే ఇస్త్రీ వేడి సుమారు 200 డిగ్రీలు. ఆ వేడికి ఫ్లీస్ పూర్తిగా కరగకపోయినా నూగు అణిగి, మెరుస్తున్న మచ్చ ఏర్పడుతుంది. ఆ మచ్చ తిరిగి పోదు.

స్థిర విద్యుత్తు: పొడి వాతావరణంలో రాపిడి వలన ఫ్లీస్‌పై స్థిర విద్యుత్తు చేరుతుంది. వెంట్రుకలు, దుమ్ము అంటుకోవటానికి, దుస్తులు విప్పేటప్పుడు చిటపట శబ్దం రావటానికి ఇదే కారణం.

రకాలు

ఫ్లీస్ మందాన్ని చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువు అనే లెక్కలో చెబుతారు. దుకాణాలలో దీనిని జి.ఎస్.ఎం. అంటారు. ఉదాహరణకు 150 సెం.మీ. పన్నా ఉన్న 200 జి.ఎస్.ఎం. ఫ్లీస్ ఒక మీటరు కొంటే దాని బరువు 300 గ్రాములు ఉండాలి. తూకంలో అంతకంటే బాగా తక్కువ వస్తే చెప్పిన మందం లేనట్లే.

* పలుచని ఫ్లీస్ లేదా మైక్రోఫ్లీస్ – సుమారు 100 జి.ఎస్.ఎం. నుండి ఉంటుంది. లోదుస్తులపై వేసుకునే చొక్కాలకు, కోట్ల లోపలి అస్తరుకు అనుకూలం.
* మధ్యరకం – సుమారు 200 జి.ఎస్.ఎం. చలికోట్లు, టోపీలు, దుప్పట్లు, చేతిపనులకు ఎక్కువగా వాడేది ఇదే. నేర్చుకునేవారు దీనితో మొదలుపెట్టటం మంచిది.
* మందపు ఫ్లీస్ – సుమారు 300 జి.ఎస్.ఎం. మంచు ప్రాంతాల కోట్లకు వాడతారు. రెండు మూడు పొరలు కలిసినచోట ఇంటి కుట్టుమిషనుకు కష్టమవుతుంది.
* షెర్పా ఫ్లీస్ – ఒకవైపు గొర్రె బొచ్చులా ఉంగరాలు తిరిగి ఉంటుంది. అస్తరుగా, దుప్పట్లుగా వాడతారు.
* కోరల్ ఫ్లీస్ – పొడవైన, మెరిసే నూగు కలిగినది. పిల్లల దుప్పట్లకు వాడతారు. కత్తిరించినపుడు పోగులు ఎక్కువగా రాలుతాయి.

కొనేటప్పుడు చూడవలసినవి

కొనేముందు వస్త్రాన్ని బొటనవేలితో ఒకేచోట కొన్ని సార్లు గట్టిగా రుద్ది చూడాలి. వెంటనే చిన్న ఉండలు కడితే ఆ వస్త్రం కొద్ది ఉతుకులకే పాతబడుతుంది. కొద్దిగా సాగదీసి వదిలితే తిరిగి యథాస్థితికి రావాలి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే నూగు అన్నిచోట్లా సమంగా కనిపించాలి. అద్దిన బొమ్మలు ఉన్న ఫ్లీస్‌లో బొమ్మ ఒక్కొక్కసారి వస్త్రపు దారికి వంకరగా ఉంటుంది. దానిని కూడా గమనించాలి.

కత్తిరించటం

మంచి వైపు గుర్తించటం: ఫ్లీస్ రెండువైపులా ఒకేలా కనిపించవచ్చు. కత్తిరించిన అడ్డపు అంచును రెండు చేతులతో పట్టి పన్నా దిశలో సాగదీస్తే అది సాధారణంగా వెనుకవైపుకు చుట్టుకుంటుంది. గుర్తించిన వెంటనే వెనుకవైపున సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. ముక్కలన్నీ కత్తిరించిన తరువాత వెతికితే తేడా తెలియక, ఒక కోటులోనే రెండు ఛాయలు కనబడే ప్రమాదం ఉంది.

నూగు దిశ: అరచేతితో నిమిరినపుడు ఒక దిశలో నునుపుగా, వ్యతిరేక దిశలో గరుకుగా ఉంటుంది. వెలుగులో ఈ రెండు దిశలు వేర్వేరు ఛాయలలో కనబడతాయి. కనుక అన్ని ముక్కలనూ నూగు ఒకే దిశలో, సాధారణంగా కిందికి ఉండేలా కత్తిరించాలి. ఇందుకు కొంచెం ఎక్కువ గుడ్డ పడుతుంది.

సాగే దిశ: శరీరం చుట్టూ తిరిగే కొలత సాగే దిశలో ఉండాలి. టోపీలో తల చుట్టుకొలత, చొక్కాలో ఛాతీ కొలత దీనికి ఉదాహరణలు. దీనిని తారుమారు చేస్తే సరైన కొలతలతో కుట్టిన టోపీ కూడా తలకు పట్టదు. ఫ్లీస్ పనిలో కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

పాలిస్టర్ ఫ్లీస్ ఉతికితే చెప్పుకోదగినంతగా కుంచించుకుపోదు. కాబట్టి నూలు గుడ్డలను తడిపి ఆరవేసినట్లు ముందుగా తడపటం తప్పనిసరి కాదు. మందమైన ఫ్లీస్‌ను రెండు పొరలుగా మడిచి కత్తిరిస్తే పై ముక్క, కింది ముక్క కొలతలు తేడా వస్తాయి. ఒక్కొక్క పొరనే కత్తిరించటం మేలు. కత్తెర పొడవుగా, పదునుగా ఉండాలి. గుండుసూదులు నూగులో మాయమైపోతాయి కనుక పెద్ద రంగు తలలున్నవి వాడి, ఎన్ని గుచ్చామో లెక్కపెట్టుకొని తీయాలి. పిల్లల వస్తువులలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

కుట్టటం

సూది, దారం: అల్లిక వస్త్రంలో సూది పోగును తెంపకుండా పక్కకు తప్పుకొని దిగాలి. అందుకు మొన కొంచెం గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది మంచిది. పలుచని ఫ్లీస్‌కు 11 లేదా 12, మధ్యరకానికి 14, మందమైనదానికి 16 నంబరు సూది సరిపోతుంది. కొత్త సూదితో పని మొదలుపెట్టాలి. దారం పాలిస్టర్‌దే వాడాలి. నూలు దారం సాగదు కనుక గుడ్డ సాగినపుడు తెగిపోతుంది.

కుట్టు: కుట్టు పొడవు 3 నుండి 4 మిల్లీమీటర్లు ఉంచాలి. అంటే అంగుళానికి ఏడెనిమిది కుట్లు. కుట్లు మరీ దగ్గరగా పడితే అంచు సాగి అలలుగా లేస్తుంది. జిగ్‌జాగ్ సౌకర్యం ఉన్న మిషనుపై చాలా సన్నని జిగ్‌జాగ్ పెడితే కుట్టు కూడా గుడ్డతోపాటు సాగుతుంది. తిన్నని కుట్టు మాత్రమే వేసే కాలి మిషనుపై కుట్టేటప్పుడు గుడ్డను ముందు, వెనుక చేతులతో అతి స్వల్పంగా బిగించి పట్టుకోవాలి. గుడ్డను నొక్కిపట్టే ఫుట్ ఒత్తిడిని తగ్గిస్తే పై పొర ముందుకు జరిగిపోకుండా ఉంటుంది. ముందుగా రెండు చిన్న ముక్కలపై కుట్టి, లాగి, కుట్టు తెగకుండా ఉందో లేదో చూసి తరువాత అసలు పని మొదలుపెట్టాలి.

అంచులు: పోగులు ఊడవు కనుక ఓవర్‌లాక్ లేదా పీకో తప్పనిసరి కాదు. అంచును ఒకసారి మడిచి కుట్టితే చాలు. చీర అంచులా రెండుసార్లు మడిస్తే లావుగా తయారవుతుంది. దుప్పట్ల అంచుకు, బొమ్మలకు చేతితో కాజా కుట్టు వంటి అంచుకుట్టు వేస్తే అందంగా ఉంటుంది.

మడత అణచటం: కుట్టిన మార్జిన్‌ను రెండువైపులకు విప్పి వేలితో గట్టిగా రుద్దితే సరిపోతుంది. అలా నిలవకపోతే మార్జిన్‌ను ఒకవైపుకు వాల్చి పైనుండి మరొక కుట్టు వేయాలి. ఇస్త్రీపెట్టెను నేరుగా తగిలించకూడదు.

జిప్పులు, కాజాలు: జిప్పు కుట్టేచోట గుడ్డ సాగి అలలుగా మారుతుంది. ఆ అంచు వెంట ముందుగా సాగని నూలు టేపు కుట్టుకుంటే జిప్పు తిన్నగా నిలుస్తుంది. కాజాల వెనుక కూడా ఒక పలుచని నూలు గుడ్డ ముక్క పెట్టాలి.

మిషను శుభ్రత: ఫ్లీస్ నుండి రాలే నూగు బాబిన్ కేసు చుట్టూ, పళ్ళ కింద పేరుకుంటుంది. దీనివలన కుట్లు తప్పుతాయి. ఒక్కొక్క వస్తువు కుట్టిన తరువాత చిన్న బ్రష్‌తో శుభ్రం చేసి, అవసరమైనచోట ఒక చుక్క మిషను నూనె వేయాలి.

కొన్ని తయారీలు

ముడుల దుప్పటి

కుట్టు అవసరం లేని ఈ దుప్పటి అమెరికాలో ఎంతో ప్రసిద్ధం. విద్యార్థులు, స్వచ్ఛంద బృందాలు ఇటువంటి దుప్పట్లను తయారుచేసి ఆసుపత్రులకు, ఆశ్రమాలకు ఇస్తుంటారు. 1995లో మొదలైన ప్రాజెక్ట్ లైనస్ అనే సంస్థ అనారోగ్యంతో, ఆపదలో ఉన్న పిల్లలకు చేతితో తయారుచేసిన దుప్పట్లు అందజేస్తుంది.

1. రెండు రంగుల మధ్యరకం ఫ్లీస్‌ను చెరొక ముక్క తీసుకోవాలి. మిల్లు అంచులు తీసివేసి, రెండింటినీ 140 × 120 సెం.మీ. కొలతకు కత్తిరించాలి.
2. రెండు ముక్కలనూ వెనుకవైపులు ఎదురెదురుగా ఉండేలా పరచి, జరగకుండా సూదులు గుచ్చాలి.
3. నాలుగు మూలలలో 10 × 10 సెం.మీ. చతురస్రాలను కత్తిరించి తీసివేయాలి. ఇప్పుడు పొడవు వైపు 120 సెం.మీ., వెడల్పు వైపు 100 సెం.మీ. అంచు మిగులుతుంది.
4. నాలుగు వైపులా 10 సెం.మీ. లోతు, 2.5 సెం.మీ. వెడల్పుతో పీలికలుగా కత్తిరించాలి. పొడవు వైపు 48, వెడల్పు వైపు 40 చొప్పున మొత్తం 176 జతలు వస్తాయి.
5. ప్రతి జతలోని పై పీలికను, కింది పీలికను కలిపి రెండు ముడులు వేయాలి. గట్టిగా లాగితే దుప్పటి అంచు ముడుచుకుపోతుంది.

పని పూర్తయ్యేసరికి ముడుల లోపల 120 × 100 సెం.మీ. దుప్పటి మిగులుతుంది. ఇది ఒక పిల్లవానికి సరిపోతుంది.

పిల్లల టోపీ

తల చుట్టుకొలత 52 సెం.మీ. అనుకుందాం. టోపీ పట్టి ఉండటానికి 2 సెం.మీ. తగ్గించి, కుట్టు కోసం 2 సెం.మీ. కలిపితే తిరిగి 52 సెం.మీ. అవుతుంది. సాగే దిశలో 52 సెం.మీ., నిలువుగా 38 సెం.మీ. ఉండే ముక్కను కత్తిరించాలి.

1. మంచి వైపు లోపలికి వచ్చేలా అడ్డంగా మడిచి, 1 సెం.మీ. లోపలగా నిలువు కుట్టు వేసి గొట్టంలా చేయాలి. పైన 10 సెం.మీ. మేర కుట్టకుండా వదిలేయాలి.
2. కింది 7 సెం.మీ. తరువాత బయటికి మడవబడుతుంది. అప్పుడు మార్జిన్ బయటికి కనబడకుండా ఉండాలంటే ఆ 7 సెం.మీ. మేర కుట్టును ఎదురువైపు నుండి వేయాలి. రెండు కుట్లు కలిసేచోట మార్జిన్‌కు చిన్న గాటు పెడితే అది చక్కగా తిరుగుతుంది.
3. టోపీని మంచి వైపుకు తిప్పి, పై భాగాన్ని 10 సెం.మీ. లోతుతో పీలికలుగా కత్తిరించాలి.
4. పీలికల మొదళ్ళను దగ్గరకు చేర్చి, అదే గుడ్డ పీలికతో గట్టిగా కట్టి, లోపలనుండి కొన్ని చేతి కుట్లు వేయాలి.
5. కింది అంచును 7 సెం.మీ. పైకి మడవాలి. తలపై కూర్చునే లోతు 21 సెం.మీ. మిగులుతుంది.

బొమ్మలు

ఫ్లీస్ ముక్కలు చేతి తోలుబొమ్మలకు, కుక్కపిల్లలు, ఏనుగులు వంటి మెత్తని బొమ్మలకు అనువైనవి. వంపులు కుట్టేటప్పుడు గుడ్డ సాగి సర్దుకుంటుంది, చిన్న తప్పులను నూగు కప్పేస్తుంది. మిగిలిన పీలికలనే లోపల కూరవచ్చు. మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మలకు గుండీలు, పూసలు కుట్టకూడదు; కళ్ళను దారంతోనే కుట్టాలి.

అగ్ని ప్రమాదం – జాగ్రత్తలు

ఫ్లీస్ దుస్తుల విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది నిప్పు. నూగులో గాలి ఉండటం వలన మంట ఉపరితలం మీద త్వరగా పాకవచ్చు. పాలిస్టర్ కాలేటప్పుడు కరిగి బొట్లుగా కారుతుంది. ఆ వేడి ద్రవం చర్మానికి అంటుకుంటే కాలిన గాయం లోతుగా ఏర్పడుతుంది. కనుక,

* గ్యాస్ పొయ్యి, కట్టెల పొయ్యి వద్ద వదులైన ఫ్లీస్ శాలువలు, పొడవు చేతుల కోట్లు వేసుకోరాదు.
* చలిమంట కాగేటప్పుడు, భోగిమంటల దగ్గర, దీపావళి బాణసంచా కాల్చేటప్పుడు పిల్లలకు ఫ్లీస్ బదులు నూలు లేదా ఉన్ని దుస్తులు వేయటం మేలు. నూలు కూడా మండుతుంది, కాని కరిగి చర్మానికి అంటుకోదు. ఉన్ని సులభంగా అంటుకోదు.
* గది హీటరు మీద ఫ్లీస్ బట్టలు ఆరవేయకూడదు.
* దుస్తులకు నిప్పంటుకుంటే పరుగెత్తకుండా నేలపై దొర్లాలి. కాలిన చోట 20 నిమిషాలపాటు చల్లని నీటిధార పోయాలి. చర్మానికి అంటుకున్న గుడ్డను లాగకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

ఏడాది లోపు శిశువుల పడకలో ఫ్లీస్ దుప్పటి గాని, మెత్తని బొమ్మలు గాని వదిలి ఉంచరాదని అమెరికా శిశువైద్యుల సంఘం సూచిస్తుంది. ముఖంపై పడితే ఊపిరి ఆడకపోవచ్చు, శరీరం అధికంగా వేడెక్కవచ్చు. శిశువుల కోసం తయారుచేసిన దుప్పటిని ఇతరులకు ఇచ్చేటప్పుడు ఈ విషయం తప్పక చెప్పాలి.

ఉతకటం, పర్యావరణం

ఫ్లీస్‌ను తిరగవేసి, చల్లని లేదా గోరువెచ్చని నీటితో, తక్కువ సబ్బుతో ఉతకాలి. బ్లీచింగ్ పొడి, బట్టలు మెత్తబరచే ద్రావకాలు వాడకూడదు. బ్రష్‌తో రుద్దితే నూగు ఉండలు కడుతుంది. పిండకుండా దులిపి నీడలో ఆరవేస్తే చాలు. మడతలు పడవు కనుక ఇస్త్రీ అవసరం ఉండదు.

ఉతికిన ప్రతిసారీ పాలిస్టర్ వస్త్రాల నుండి కంటికి కనబడనంత చిన్న పోగులు నీటిలో కలుస్తాయి. ఒక్క వస్త్రం నుండి ఒక ఉతుకులో 1,900కు పైగా పోగులు రాలవచ్చని 2011లో మార్క్ బ్రౌన్, అతని సహచరులు ప్రచురించిన పరిశోధన తెలిపింది. 2016లో ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 6 కిలోల కృత్రిమ వస్త్రాలను ఉతికితే 7 లక్షలకు పైగా పోగులు విడుదల కావచ్చని అంచనా వేశారు. ఇవి మురుగునీటి శుద్ధి కేంద్రాలను దాటి నదులకు, సముద్రానికి చేరుతాయి. నూలు, ఉన్ని పోగుల వలె ఇవి త్వరగా కుళ్ళవు.

సీసాల నుండి తయారైన ఫ్లీస్ వలన కొత్త ముడిపదార్థం వాడకం తగ్గుతుంది. కాని ఆ ఫ్లీస్ కూడా పాలిస్టరే కనుక పోగులు రాలటం ఆగదు. ఈ నష్టాన్ని తగ్గించటానికి కొన్ని మార్గాలు ఉన్నాయి. ఫ్లీస్‌ను మురికి అయినపుడు మాత్రమే ఉతకాలి. మిషనులో నిండా బట్టలు వేసి, చల్లని నీటితో, తక్కువ సమయం ఉతకాలి. మిషను వడపోతలో చేరిన నూగును కాలువలో కడగకుండా చెత్తబుట్టలో వేయాలి. కత్తిరించగా మిగిలిన ముక్కలను కాల్చకూడదు. వాటిని బొమ్మలలో, దిండ్లలో కూరి వాడుకోవచ్చు.

భారతదేశంలో

పంజాబులోని లూథియానా, హర్యానాలోని పానిపట్టు చలి దుస్తులకు, దుప్పట్లకు ప్రసిద్ధి చెందిన కేంద్రాలు. పానిపట్టులో పాత బట్టల నుండి తిరిగి తీసిన పోగుతో కంబళ్ళు తయారుచేసే పరిశ్రమ కూడా ఉంది.

తెలుగు ప్రాంతాలలో చలికాలం తక్కువ రోజులే ఉంటుంది. కోస్తా జిల్లాలలో పలుచని ఫ్లీస్ సరిపోతుంది. చలికి పేరుపొందిన లంబసింగి, అరకు, ఆదిలాబాదు ప్రాంతాలలో మధ్యరకం ఫ్లీస్ దుప్పట్లు, కోట్లు ఉపయోగపడతాయి. అయితే ఈ ప్రాంతాలలోనే తెల్లవారుజామున చలిమంట చుట్టూ కూర్చోవటం అలవాటు. కనుక ఫ్లీస్ వాడేవారు పైన చెప్పిన అగ్ని జాగ్రత్తలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. బరువుగా, గరుకుగా ఉన్నా గొంగడి వంటి ఉన్ని వస్త్రానికి మంట దగ్గర కరిగే గుణం లేదు. ఫ్లీస్ తేలికగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది, సులభంగా కుట్టుకోవచ్చు. ఏ పనికి ఏది తగినదో ఎంచుకోవటానికి ఈ తేడాలు ఉపకరిస్తాయి.

ఇవి కూడా చూడండి

* ఉన్ని
* గొంగడి
* పాలిస్టర్
* కుట్టుమిషను
* అల్లిక